పాత ఆయిల్ ట్యాంకుల స్థలంలో తవ్వే ముందు

ఉత్తర చెన్నైలో ఇలాంటి పనికి వచ్చే మన నెల్లూరు, శ్రీకాకుళం తమ్ముళ్లూ, పార పట్టే ముందు ఇవి చూసుకోండి.

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, గుంత అడుగున చేరి అక్కడే ఉంటుంది, కాబట్టి గ్యాస్ మీటరును తాడు కట్టి అడుగుదాకా దింపి చూడాలి; పేలుడు మొదలయ్యే హద్దులో 10 శాతం చూపించినా అందరూ బయటికి రావాల్సిందే, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే. వాసన తగ్గిందని నమ్మకండి, కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది.

బీడీ, సెల్‌ఫోన్ గేటు దగ్గరే వదిలి రండి.

పెట్రోల్ ఆవిరిలో ఉండే బెంజీన్ క్యాన్సర్ తెస్తుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఆవిరిని పట్టే ఫిల్టరున్న మాస్కే అడగండి.

గుంత నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలితే కాలువలోకి తోడొద్దు, డ్రమ్ముల్లో పట్టండి. తవ్విన మట్టిని టార్పాలిన్ మీదే పోసి కప్పండి. అక్టోబరు వాన పడిందంటే ఆ నూనె పక్క వీధి బోర్లలోకి దిగుతుంది.