గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్ బాగుందో లేదో పేరెంట్‌గా ఎలా చూసుకోవాలి

మే నెల వచ్చిందంటే చాలు, ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో ఇదే ప్రశ్న: "మన గవర్నమెంట్ స్కూల్లో వేయొచ్చా?" దానికి "గవర్నమెంట్ స్కూలా, వద్దులే" అని ఒకరు, "ఇప్పుడు అన్నీ మారిపోయాయి, కళ్లు మూసుకుని వేసేయ్" అని ఇంకొకరు చెబుతారు. చాలాసార్లు ఆ ఇద్దరూ ఆ బడి గేటు దాటి లోపలికి వెళ్లి ఉండరు. ఒకే మండలంలో రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఎంపీపీ (మండల పరిషత్ ప్రైమరీ) స్కూళ్ల మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండొచ్చు. కాబట్టి "గవర్నమెంటా, ప్రైవేటా" అన్న దగ్గరే ఆగిపోకుండా, మీ పిల్ల నడిచి వెళ్లగలిగే ఆ ఒక్క బడిని, ఈ ఏడాది అక్కడ పనిచేస్తున్న ఆ టీచర్లను చూసి నిర్ణయం తీసుకోండి. ఎలా చూడాలో చెబుతాను.

ముందు బిల్డింగు సంగతి. ఆంధ్రలో 2019లో మొదలైన నాడు-నేడు కింద, తెలంగాణలో 2022 నుంచి మన ఊరు–మన బడి, ఆ తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాలల కింద చాలా బడులకు రంగులు, బెంచీలు, టాయిలెట్లు, టైల్స్ వచ్చాయి. అది మంచి పనే, పిల్లలకు ఆ గౌరవం కావాలి కూడా. కానీ రంగు చూసి చదువు ఎలా ఉందో చెప్పలేం. పెచ్చులూడిన గదిలో పిల్లలు గడగడా చదివే బడులు ఉన్నాయి, స్మార్ట్ టీవీ పెట్టిన గదిలో ఐదో తరగతి పిల్లాడికి ఒత్తులు రాని బడులూ ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, ఆంధ్ర బడులకు 28తో, తెలంగాణ బడులకు 36తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ సైట్‌లో 'నో యువర్ స్కూల్' అన్న చోట మీ జిల్లా, మండలం, ఊరు పెట్టి వెతికితే ఆ బడిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, గదులెన్ని, టాయిలెట్లున్నాయా అన్నవి కనిపిస్తాయి. అది కొంచెం పాత లెక్క అయ్యుండొచ్చు, అయినా ఉపయోగమే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల వరకు కనీసం ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి, 150 దాటితే ఐదుగురితో పాటు విడిగా హెచ్‌ఎం కూడా ఉండాలి. ఇక్కడే అసలు ఇబ్బంది అర్థమవుతుంది: 40 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లంటే కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది, తరగతులు మాత్రం ఐదు. అంటే ఒక్కో టీచరు ఒకే గదిలో రెండు మూడు తరగతులు చెప్పాలి. ఆంధ్రలో 2025లో బడులను మళ్లీ సర్దినప్పుడు మోడల్ ప్రైమరీ స్కూల్ అని పెట్టిన వాటిలో తరగతికో టీచరు ఉండాలన్నది అందుకే. మీ దగ్గరలో అలాంటిది ఉంటే ముందు దాన్నే చూడండి.

అలాగే తరగతుల వారీగా పిల్లల సంఖ్య చూడండి. ఒకటో తరగతిలో 18 మంది ఉండి నాలుగో తరగతికి ఆరుగురే మిగిలారంటే, మధ్యలో తల్లిదండ్రులు పిల్లల్ని తీసేశారన్నమాట, ఎందుకు తీశారో ఆ వీధిలో అడగాలి. ఆంధ్రలో ఒక జాగ్రత్త: 2022లో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూల్లో కలిపారు, కాబట్టి అక్కడ సంఖ్య తగ్గడానికి కారణం అదే అయ్యుండొచ్చు.

ఇక బడికి వెళ్లడం. మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల పెద్ద మీటింగు) రోజునో, ఆగస్టు 15నో వెళ్తే మీరు చూసేది పండగ. మామూలు మంగళవారమో బుధవారమో, వీలైతే వేసవి సెలవులకు ముందే మార్చిలో వెళ్లండి, అప్పటికి ఏడాది చదువు ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. ప్రేయర్‌కు పది నిమిషాల ముందు గేటు దగ్గర నిలబడండి. టీచర్లు వచ్చారా, పిల్లలు ఎలా వస్తున్నారు అన్నది అక్కడే కనపడుతుంది. తర్వాత హెచ్‌ఎంని కలిసి "సార్, మా పాపను జూన్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం, ఒకసారి స్కూల్ చూడొచ్చా" అని నెమ్మదిగా అడగండి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు మాట్లాడొద్దు. వాళ్లకు బడి పనితో పాటు యాప్‌లు, ఫొటోలు, ఎలక్షన్ డ్యూటీలు, మీటింగులు అన్నీ ఉంటాయి, మన గొంతు కూడా ఇంకో తనిఖీలా ఉంటే ఏ టీచరూ మనసు విప్పి మాట్లాడరు.

హెచ్‌ఎంని అడగాల్సిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: "ఒక టీచరు సెలవు పెడితే, లేదా మీరు మండల మీటింగుకు వెళ్తే ఆ రోజు క్లాసు ఎవరు చూస్తారు సార్?" ఏకోపాధ్యాయ బడి అయితే ఈ ప్రశ్నకు వచ్చే జవాబే మీ నిర్ణయం. పక్క బడి నుంచి ఎవరైనా వస్తారని, సీఆర్‌పీ (కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వచ్చి కూర్చుంటారని చెబితే సరే, ఏదో ఒక ఏర్పాటుంది. "ఆ రోజు కొంచెం ఇబ్బందేనమ్మా" అంటే, ఏడాదిలో అలాంటి రోజులు ఎన్ని ఉంటాయో అడగండి. చట్టం ప్రకారం ప్రైమరీకి ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి, బడి తెరిచినా చెప్పేవాళ్లు లేని రోజులు అందులోంచి పోతే పిల్లకు మిగిలేదెంత? కాగితం మీద ఉన్న టీచర్లలో డిప్యుటేషన్ మీద వేరే చోటికి వెళ్లినవాళ్లు, లాంగ్ లీవులో ఉన్నవాళ్లు ఉన్నారేమో కూడా అడగండి. ముగ్గురు టీచర్లున్న బడి అనుకుని చేర్పిస్తే తీరా ఉండేది ఒక్కరే అవుతుంది.

క్లాసులోకి రానిస్తే గోడల మీద చార్టుల కంటే పిల్లల నోట్సులు చూడండి. నోట్సు ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఒకే తరగతిలో నాలుగైదు నోట్సులు పక్కపక్కన పెట్టి, ఒకే ప్రశ్నకు అందరూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు రాశారంటే అది బోర్డు మీద నుంచి దింపుకున్నది. చూచిరాత ముత్యాల్లా ఉన్నా సరే, చదవమంటే చదవలేని పిల్లలు ఉంటారు. "మా ఇంట్లో మేక ఉంది, దానికి పిల్ల పుట్టింది" అని తప్పులతోనైనా సొంతంగా రాసిన వాక్యాలు కనిపిస్తే ఆ టీచరుకు దండం పెట్టాలి. తప్పు చుట్టూ సున్నా చుట్టి పక్కన సరైనది రాశారా, లేక పేజీ కింద ఒక టిక్కు, సంతకం పెట్టి వదిలేశారా చూడండి. తేదీలు కూడా చూడండి, మధ్యలో రెండు మూడు వారాలు ఖాళీగా ఉంటే ఎందుకో తెలుసుకోవాలి. వర్క్‌బుక్ ఎక్కడి వరకు పూర్తయిందో చూస్తే మిగతాది అర్థమవుతుంది.

తర్వాత చదివించి చూడటం. దీన్ని బడిలో టీచరు ముందు చేయొద్దు, ఆయనకూ అవమానం, పిల్లకూ టెన్షన్. పైగా అక్కడ చదివించడానికి ఎప్పుడూ ఒకే పిల్లను ముందుకు పిలుస్తారు, ఆ పిల్ల ఎక్కడైనా చదువుతుంది. మీ వీధిలో ఆ బడికి వెళ్లే మూడో తరగతి, ఐదో తరగతి పిల్లలు నలుగురైదుగురు ఉంటారు కదా, సాయంత్రం వాళ్లతో ఆడుకుంటూ రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక చిన్న కథ ఇచ్చి చదవమనండి. పిల్లలకు చదవడం, లెక్కల పునాది గట్టిపడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి పిల్ల నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు సంఖ్యలు చదివి రాయాలి. తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం పెట్టింది కూడా ఈ పునాది కోసమే. స్టాప్‌వాచ్ పట్టుకోనక్కర్లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటోందా, పదాన్ని ఒకేసారి పలుకుతోందా, ఒత్తు వచ్చిన చోట ఆగిపోతోందా, చదివాక "ఇంతకీ కుందేలు ఎందుకు పారిపోయింది?" అంటే చెప్పగలుగుతోందా, ఇవి చాలు. లెక్కల్లో 52లోంచి 27 తీసేయమనండి. అప్పు తెచ్చుకుని చేస్తే పునాది ఉన్నట్టే. ఐదో తరగతి పిల్లకు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఇవ్వండి. ఎక్కాలు పాటలా అప్పజెప్పడం వేరు, లెక్కలో ఎక్కడ ఏ ఎక్కం వాడాలో తెలియడం వేరు.

ఇద్దరు బాగా చదివి ఇద్దరు అసలు చదవలేకపోతే ఏమనుకోవాలి? ఆ ఇద్దరి మీదే దృష్టి పెట్టండి. బాగా చదివే పిల్లకు ఇంట్లో ఎవరో చెబుతుండొచ్చు. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్ల, కూలికి వెళ్లే అమ్మానాన్నల పిల్ల అక్కడ చదవగలుగుతోందంటే అది పూర్తిగా ఆ బడి కష్టమే. నేనైతే అన్నిటికంటే దీన్నే నమ్ముతాను.

ఇంగ్లిష్ గురించి అందరికీ ఆత్రమే. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. బోర్డు మీద ఇంగ్లిష్ మీడియం అని ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, పిల్ల బొమ్మ చూసి ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు సొంతంగా చెప్పగలదా చూడండి. తెలుగే చదవలేని పిల్ల ఇంగ్లిష్ పాఠం బట్టీ పట్టి చెబితే సంతోషపడొద్దు.

మధ్యాహ్న భోజనం టైమ్‌లో ఒకసారి తప్పక ఉండండి. ప్రైమరీ పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అన్నది లెక్క. గుడ్డు ఆంధ్రలో వారానికి ఐదు, తెలంగాణలో మూడు ఇవ్వాలి. పప్పు నీళ్లలా ఉందా, గుడ్డు నిజంగా ప్లేటులోకి వస్తోందా, టీచర్లు ముందుగా రుచి చూస్తున్నారా, ఎంతమంది పిల్లలు ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటున్నారు అన్నవి చూడండి. సగం మంది బాక్సులు తెచ్చుకుంటుంటే భోజనం ఎలా ఉందో వాళ్లే చెప్పినట్టు. ఇంకో మాట, మొహమాటం లేకుండా చెప్పాలి: పిల్లలంతా కలిసి ఒకే వరుసలో కూర్చుంటున్నారా, ఏ పేట పిల్లలు ఆ పేట పిల్లలతోనే విడిగా కూర్చుంటున్నారా గమనించండి. వంట చేసే అమ్మ కులం చూసి అన్నం మానేసే పిల్లలుంటే, దాన్ని టీచర్లు చూసీ చూడనట్టు వదిలేస్తుంటే, ఎంత బాగా చదువు చెప్పినా ఆ బడికి నేను మార్కులు వేయను.

టాయిలెట్ ఉందా అని అడగడం కాదు, లోపలికి వెళ్లి చూడాలి. కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. ఆడపిల్లల టాయిలెట్‌కు తలుపు గడియ ఉండాలి. తాళం వేసి ఉంటే తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి. చాలామంది ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా గడిపేది ఈ ఒక్క కారణంతోనే, ఇంటికొచ్చి కడుపునొప్పి అంటారు, మనకు అర్థం కాదు.

టీచర్లను అంచనా వేయడానికి నాకు తెలిసిన గుర్తులు కొన్నే. రిజిస్టర్ చూడకుండా పిల్లల పేర్లు చెబుతారా? రెండు రోజులు రాని పిల్ల ఇంటికి ఫోన్ చేస్తారా? బెత్తం బల్ల మీద ఉందా? కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషేధం, "భయం లేకపోతే చదవరండీ" అనే మాట తల్లిదండ్రుల నోట్లోంచి వచ్చినా ఒప్పుకోవద్దు. "టీచర్లు సొంత పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారు" అని చాలామంది అడుగుతారు, నాకు ఆ ప్రశ్న అంత న్యాయంగా అనిపించదు. టౌన్లో ఉండి ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చే టీచరు తన పిల్లాడిని వెంట తెచ్చుకోలేకపోవచ్చు, అయినా మన పిల్లలకు ప్రాణం పెట్టి చెప్పొచ్చు. కానీ బదిలీల సంగతి మాత్రం అడగండి. మంచి పేరున్న బడి చాలాసార్లు ఒకే ఒక్క టీచరు వల్ల పేరు తెచ్చుకుంటుంది. ఆవిడకు ఇక్కడ ఎన్నేళ్లయింది, వచ్చే కౌన్సెలింగ్‌లో వెళ్లిపోతారా అని తెలుసుకోకపోతే మీరు ఎవరిని చూసి చేర్పించారో వాళ్లే ఉండరు.

చివరగా స్కూల్ కమిటీ, అంటే ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ). చట్టం ప్రకారం అందులో మూడొంతులు, అంటే 75 శాతం, తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చూస్తున్నాయి. ఇద్దరు మెంబర్లను కలిసి చివరి మీటింగులో ఏం మాట్లాడుకున్నారో అడగండి. "సంతకం పెట్టమంటే పెట్టామమ్మా" అంటే కమిటీ కాగితం మీదే ఉందన్నమాట. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏటా బడికి గ్రాంటు రావాలి, 30 మంది లోపు ఉంటే 10 వేలు, 31 నుంచి 100 వరకు 25 వేలు, ఆపైన 250 వరకు 50 వేలు. అది వచ్చిందా, దేనికి ఖర్చుపెట్టారు అన్నది కమిటీకి తెలిసి ఉండాలి.

ఇవన్నీ చూశాక అన్నీ బాగున్న బడి దొరకడం కష్టమే, అప్పుడు దేనికి సర్దుకోవాలి అన్నది ప్రశ్న. ప్రహరీ, ఫ్యాను, నీళ్లు, భోజనం లాంటివి నలుగురు తల్లిదండ్రులు గట్టిగా నిలబడితే ఏడాదిలో బాగుచేసుకోవచ్చు. టీచరు ఉండి కూడా చెప్పకపోవడం మాత్రం మన చేతిలో లేని పని, అక్కడ ఆశ పెట్టుకోవద్దు. పదిహేను మంది పిల్లలు, ఒక్క మంచి టీచరు ఉన్న బడి ఒకటి రెండు తరగతులకు బాగానే ఉంటుంది, మూడు నుంచి పైకి ఇంకో టీచరు లేకపోతే కష్టం. ఇదే నోట్సు పరీక్ష, ఇదే చదివించే పరీక్ష మీరు ఫీజు కట్టాలనుకుంటున్న ప్రైవేట్ స్కూల్ పిల్లలకూ పెట్టండి, వీధిలో వాళ్లూ ఉంటారు. అప్పుడే పోల్చినట్టు.

చేర్పించేటప్పుడు పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదనో, పాత బడి టీసీ ఇంకా రాలేదనో అడ్మిషన్ ఆపకూడదు, చట్టమే అలా చెబుతోంది. చేర్పించాక వారానికోసారి నోట్సు తిరగేయండి, దసరా సెలవుల్లో మళ్లీ అదే కథ చదివించి చూడండి. జూన్‌లో ఉన్న చోటే ఉంటే ముందు క్లాస్ టీచరుతో, తర్వాత హెచ్‌ఎంతో మాట్లాడండి, కమిటీలో పెట్టండి, అప్పటికీ కదలకపోతే ఎంఈఓకి (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా ఇచ్చి దాని కాపీ మీద సంతకం తీసుకోండి.