నల్లమల కాలిబాటకు నా నడుము సంచి

శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లు పెద్ద బ్యాగు మోయలేక తోటివాళ్లకు ఇచ్చేస్తుంటారు. తర్వాత దారి తప్పితే చేతిలో ఏమీ ఉండదు. అందుకే ప్రాణావసరమైనవి నడుముకు కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకోండి. పడుకున్నా విప్పొద్దు.

ముందు నీళ్ల సంగతి. లీటరు స్టీలు సీసా భుజానికి వేలాడాలి. సంచిలో క్లోరిన్ బిళ్లలు, నూలు తువ్వాలు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. చెరువు నీటిని తువ్వాలు మడతల్లో వడగట్టి, బిళ్ల వేసి అరగంట ఆగాలి. ఓసారి కొలను మెట్ల దగ్గర మా చిన్నాన్నకు పిక్కలు పట్టేసి కళ్లు తిరిగాయి. కంగారులో అరసీసా నీళ్లలో ప్యాకెట్ మొత్తం పోయబోయాను. పక్కనే ఉన్న ఓ నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. లీటరు ప్యాకెట్‌కు లీటరు నీళ్లే పొయ్యాలి, చిక్కగా తాగిస్తే మేలు బదులు కీడే.

ఈల తప్పనిసరి. గొంతు గంటలో పోతుంది, ఈల పోదు. మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదండి. తలకు కట్టే టార్చి, విడి బ్యాటరీలు, ముళ్లు తీయడానికి పిన్నీసులు, ఇంటివాళ్ల నంబర్లు రాసిన కాగితం కూడా వేసుకోండి.

అగ్గిపెట్టె మాత్రం వద్దు. ఈ అడవి పులుల అభయారణ్యం, పైగా ఎండుటాకుల కాలం.

పాము కాటుకని బ్లేడు పెట్టుకుంటారు కొందరు. దయచేసి కోయకండి, గట్టిగా కట్టు కట్టకండి. కాలు కదలకుండా కర్రకు తువ్వాలుతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి.