బడి డబ్బు ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడం ఎలా

బడ్జెట్‌లో చదువుకి ఎంత కేటాయించారో చూసి పాలన బాగుందని చెప్పలేం. ఆ డబ్బు బడి దాకా వచ్చిందా, జీతం తీసుకుంటున్న టీచరు తరగతిలో ఉన్నారా అన్నదే చూడాలి. ఉగాండాలో 250 బడుల లెక్కలు విప్పి చూస్తే, 1991–95 మధ్య కేంద్ర ప్రభుత్వం ఒక్కో పిల్లకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడులకు చేరిందని తేలింది. చాలా బడులకు అసలేమీ రాలేదు. మిగతాదంతా దారిలో జిల్లాల దగ్గరే ఆగిపోయింది.

ఒకే గ్రాంటు, ఒకే ఆర్థిక సంవత్సరం తీసుకోండి. అన్నీ కలిపితే ఏదీ తేలదు. ఖజానా విడుదల ఉత్తర్వు నకలు సంపాదించి, ఖజానా, జిల్లా, బడి ఖాతా అని మూడు గడులు గీసి, ఒక్కోదాంట్లో మొత్తం, తేదీ రాయండి. బడిలో క్యాష్‌బుక్ ఒక్కటే చూస్తే చాలదు, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని పద్దు పద్దూ సరిచూడాలి. పుస్తకాలో బల్లలో సరుకుగా వచ్చి ఉంటే వాటికీ వెల కట్టి కలపండి. అది మరిచిపోతే చేరిన డబ్బు కూడా మాయమైనట్టే కనిపిస్తుంది, ఏ తప్పూ చేయనివాళ్ల మీద నింద పడుతుంది. తేదీలు మరీ ముఖ్యం. సొమ్ము పూర్తిగా వచ్చినా పరీక్షల ముందు వస్తే, పిల్లలు ఏడాదంతా పుస్తకాల్లేకుండా కూర్చున్నట్టే.

టీచర్ల విషయానికొస్తే, పేర్ల జాబితా ముందే తీసుకుని, చెప్పకుండా, బడి వేళలో, వేర్వేరు వారాల్లో కనీసం రెండుసార్లు వెళ్లండి. ఒకరికి చెప్పినా కబురు ముందే చేరిపోతుంది. హాజరు పట్టీలో సంతకం చూసి కాదు, మనిషిని చూసి టిక్ పెట్టండి. బడిలో ఉన్నారా, పాఠం చెబుతున్నారా అన్నవి రెండు వేర్వేరు గడులు. లేకపోతే కారణం రాయండి: ప్రభుత్వమే వేరే పనికి పంపితే అది టీచరు తప్పు కాదు. 2002–03లో ఆరు దేశాల్లో ఇలాగే చెప్పకుండా వెళ్లి చూస్తే, ప్రాథమిక బడుల్లో సగటున 19 శాతం టీచర్లు లేరు.

తేలినదాన్ని బడి గోడ మీద పెట్టండి. ఉగాండాలో గ్రాంటు వివరాలు పత్రికల్లో, బడి నోటీసు బోర్డుల్లో వేయడం మొదలయ్యాక, 2001 నాటికి గ్రాంటులో 80 శాతానికి పైగా బడులకు చేరింది. అయితే ఆ ఘనతంతా పత్రికలదే అనడం సరికాదు, ఆ కాలంలోనే నిధుల విడుదల పద్ధతులూ మారాయి.

బోర్డు మీద ఐదు వరుసలు చాలు: పిల్లకి ఎంత, పిల్లలు ఎంతమంది, రావలసింది, వచ్చింది, వచ్చిన తేదీ. కింద, తేడా వస్తే ఎవరిని అడగాలో ఆ అధికారి హోదా రాయండి. అది రాయకపోతే తల్లిదండ్రులు హెడ్‌మాస్టరునే నిలదీస్తారు, డబ్బు ఆపిన కార్యాలయం జోలికి ఎవరూ వెళ్లరు.