ఇనుప ముక్కలు, మూతల లాంటి చెత్త నిండిన నేలలో మెటల్ డిటెక్టర్ పట్టే వాళ్లకి: సమస్య - పరిష్కారం

బొబ్బిలి యుద్ధం (1757), పద్మనాభం యుద్ధం (1794) కథలు వింటూ పెరిగిన విజయనగరం వాళ్లం కదా, మెటల్ డిటెక్టర్ చేతికి రాగానే కళ్లముందు ఫిరంగి గుండే ఆడుతుంది. నాకు మొదటి నెలంతా దొరికినవి నాగలి కర్రు ముక్కలు, ఎద్దుల నాడాలు, క్వార్టర్ సీసా మూతలు. మా సొంత మెట్ట చేలో, పాత పెంకుటిళ్లు కూలిన దిబ్బ మీద ఎదురైన ఇబ్బందులే ఇవి.

సమస్య: మిషన్ ఆగకుండా కూస్తోంది.
కారణం: ఎర్రమట్టిలో ఉండే ఇనుప ఖనిజం. లేదా పైన పోయే కరెంటు తీగ, జేబులో ఫోను.
పరిష్కారం: లోహం లేని చోట కాయిల్‌ని (మిషన్ కింది పళ్లెం) పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే ఆ మట్టికి మిషన్‌ని అలవాటు చేయండి. సెన్సిటివిటీ (మిషన్ ఎంత చిన్న సంకేతాన్ని పట్టాలో) తగ్గించండి. ఫుల్‌లో పెడితే లోతు పెరుగుతుందనుకుంటాం. ఇలాంటి నేలలో పెరిగేది గోల మాత్రమే.

సమస్య: మిషన్ తెర మీద నాణెం నంబరే (లోహాన్ని బట్టి వచ్చే అంకె) చూపిస్తుంది, తవ్వితే మేకు.
కారణం: వంగిన మేకులు, తుప్పుపట్టిన రేకు ముక్కలు, సోడా మూతలు మంచి లోహంలా నటిస్తాయి.
పరిష్కారం: చుట్టూ పావు వంతు తిరిగి అడ్డంగా మళ్లీ ఊపండి. నాణేనికి ఎటు నుంచి ఊపినా దాదాపు అదే నంబరు వస్తుంది. ఇనుమైతే నంబరు గెంతుతుంది, శబ్దం వచ్చే చోటు కూడా పక్కకి జరుగుతుంది.

సమస్య: ఒకప్పుడు ఊరంతా ఉన్న దిబ్బే, అయినా మిషన్ మౌనంగా ఉంది.
నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. ఇనుము వినిపించకూడదని డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాల శబ్దాన్ని ఆపే అమరిక) పెంచేశాను. అప్పుడు మేకు పక్కనున్న నాణెం కూడా మేకుతో పాటే మాయమైంది. ఒక లోహం అరుపు నుంచి మిషన్ తేరుకోకముందే కాయిల్ రెండోదాన్ని దాటేస్తే దాని మాట వినపడదు. పెద్ద కాయిల్ కింద ఒకేసారి నాలుగైదు ముక్కలుంటే ఇంక చెప్పక్కర్లేదు.
ఏం చేశానంటే: 5, 6 అంగుళాల చిన్న కాయిల్ వేశాను. డిస్క్రిమినేషన్ బాగా తగ్గించి, ఇనుము శబ్దాన్ని సన్నగా వదిలాను. రికవరీ స్పీడ్ (మిషన్ తేరుకునే వేగం) పెంచాను, చెయ్యి మాత్రం నెమ్మదిగా ఊపాను. పైపైన ఉన్న ఇనుమంతా ఏరేసి, అదే జాగాని అడ్డంగా మళ్లీ వెతికితే ఈస్టిండియా కంపెనీ వాళ్ల 1835 నాటి పావు అణా వచ్చింది.
ముందు ఇంటి దగ్గర మేకు పక్కన రాగి నాణెం పెట్టి చెవికి అలవాటు చేసుకోండి. ఇప్పటి రూపాయి బిళ్ల పనికిరాదు, అది అయస్కాంతానికి అంటుకునే స్టీలు. అమ్మమ్మ పెట్టెలో చిల్లు కానీ (నడుమ చిల్లున్న పాత నాణెం) ఉంటే అది సరైనది.

సమస్య: మధ్య నంబర్లన్నీ రేకు కాగితాలూ మూతలే, వదిలేయనా?
తుపాకీ సీసపు గుళ్లు మోగేది కూడా అక్కడే. దీనికి బటన్ ఏదీ లేదు, తవ్వడమే. పేలని తూటా, షెల్ లాంటిది కనిపిస్తే ముట్టకుండా పోలీసులకి చెప్పండి.

సమస్య: గుంత తీశాక శబ్దం పోయింది.
ముందు తీసిన మట్టికుప్ప మీద ఊపండి. అక్కడా లేకపోతే చాలావరకు అది పాత మేకు తుప్పు, కదిలించగానే చెదిరిపోయింది.

దొరికాక కూడా కొంత పని ఉంది. సొంత చేనైనా, భూమిలో దాగి దొరికిన సొత్తు 10 రూపాయల విలువ దాటితే 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. శాలిహుండం, రామతీర్థం లాంటి పురావస్తు శాఖ రక్షిత స్థలాలకి మిషన్ తీసుకెళ్లనే వద్దు.

సమస్య: నాణెం మీద అక్షరాలు చెరిగిపోయాయి.
కారణం: చింతపండు. ఇత్తడి చెంబుతో పాటు మా అమ్మ దాన్నీ తోమేసింది. పులుపు పై పొరని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మట్టిని వెదురు పుల్లతో మెల్లగా తీయాలి. నా పావు అణా ఇప్పుడు తళతళలాడుతోంది, సంవత్సరం మాత్రం చదవలేం.