కాలనీ రోడ్డు మీద మొక్క నాటితే మూడు ఎండాకాలాలు దానితో ఉండాలి

మా కాలనీలో మొదటిసారి 40 మొక్కలు నాటాం, అందరం పలుగు పార పట్టుకుని ఫోటోలు కూడా దిగాం, తర్వాత ఉగాదికి లెక్కపెడితే 11 మిగిలాయి. చచ్చిపోయిన వాటిని పీకి చూస్తే సగం వాటికి నల్ల కవర్ అలాగే ఉంది, అంటే కవర్ చింపకుండానే గుంటలో దించేసి మట్టి కప్పేశారు. ఆ రోజు నిజంగా బాధేసింది. అందుకే మేము నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, మీ కాలనీలో ఆ తప్పులు జరగకూడదని.

ముందు తల పైకెత్తి చూడండి, పైన కరెంటు వైర్లు ఉన్నాయా లేవా అని. వైర్ల కింద వేప, కానుగ పెడితే ఏటా వానాకాలం ముందు కరెంటోళ్లు వచ్చి తల నరికేసి పోతారు, వాళ్లని తిట్టి లాభం లేదు, పెట్టింది మనమే. వైర్లున్న వైపు దేవకాంచనం, పారిజాతం లాంటి చిన్నవి పెట్టుకోండి, వైర్లు లేని వైపు వేప, కానుగ, పొగడ, రేల పెట్టండి. మన రోడ్లకి నాకైతే కానుగ తర్వాతే ఏదైనా, చిక్కటి నీడ ఇస్తుంది, ఎండని తట్టుకుంటుంది, పశువులు కూడా పెద్దగా ముట్టుకోవు. రావి, మర్రి గోడల పక్కన వద్దు, వాటికి పార్కులో చోటివ్వండి. తురాయి, పచ్చతురాయి పూస్తే చాలా బావుంటాయి కానీ ఏప్రిల్, మేలో గాలివాన వస్తే మన హైదరాబాద్‌లో కార్ల మీద పడేవాటిలో అవే ఎక్కువ కనిపిస్తాయి. ఏడాకుల పాల కూడా వరసగా పెట్టకండి, హుద్‌హుద్ తుఫానులో (2014) చెట్లన్నీ పోయాక వైజాగ్‌లో అవి చాలా నాటారు, ఇప్పుడు చలికాలం ముందు పూతకొస్తే ఆ ఘాటు వాసనకి జనం ఇబ్బంది పడుతున్నారు. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క గురించి వేరే చెప్పక్కర్లేదు, తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో మొదట్లో బోలెడు పెట్టారు, తర్వాత ప్రభుత్వమే వద్దనేసింది.

మొక్క కనీసం ఆరడుగులుండాలి, కాండం బొటనవేలంత లావైనా ఉండాలి. జానెడు మొక్క రోడ్డు మీద బతకదు, మేకో స్కూటరో చూసుకుంటుంది దాని పని. నాటడం మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక పెట్టుకోండి, జూన్ మూడో వారం నుంచి జూలై చివరి వరకు బెస్ట్, అప్పుడైతే ఎండలొచ్చేలోపు వేరు పట్టుకోవడానికి ఏడెనిమిది నెలలు దొరుకుతాయి.

గుంట ఎండాకాలంలోనే తీసి పెట్టుకోవాలి, మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. హైదరాబాద్‌లో రెండడుగులు తవ్వగానే బండో, ఎవరో ఇల్లు కట్టినప్పుడు పారేసిన సిమెంటు పెళ్ళలో తగులుతాయి, ఆ చెత్తంతా తీసేయాల్సిందే, మళ్ళీ దాంతోనే పూడ్చొద్దు. గుంటలో రెండు బకెట్లు నీళ్లు పోసి మర్నాడు పొద్దున చూడండి, నీళ్లు అలాగే నిలబడి ఉంటే అక్కడ వేరు కుళ్ళిపోతుంది, ఇంకాస్త పక్కకి జరగండి. నింపడానికి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి చాలు. మాగని పేడ వేస్తే చెదలు పడతాయి.

కవర్ పూర్తిగా చింపి తీయండి (ఎన్నిసార్లు చెప్పినా తక్కువే), వేర్లు చుట్టలు చుట్టుకుపోయి ఉంటే బ్లేడుతో నాలుగు వైపులా నిలువుగా గీత పెట్టండి, లేకపోతే చెట్టయ్యాక కూడా ఆ వేర్లు అలాగే గుండ్రంగా తిరిగి గట్టిగాలికి పడిపోతుంది. కవర్‌లో మట్టి ఎంతవరకు ఉందో గుంటలో కూడా అంతవరకే, కాండాన్ని పూడ్చకూడదు. పక్కన వెదురు కర్ర పాతి పాత చీర ముక్కతో వదులుగా కట్టండి, బైండింగ్ వైరు మాత్రం వద్దు, అది కాండంలోకి దిగిపోతుంది.

ఇంక అసలు కథ నీళ్లే. రోజూ మగ్గుడు నీళ్లు పోయడం కన్నా రెండు రోజులకోసారి ఒక బకెట్ నిదానంగా పోయడం మేలు, పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుంది, లోతుగా తడిస్తే లోపలికి వెళ్తుంది. మొదటి ఎండాకాలం అలా పోయండి, రెండో ఏడు వారానికి రెండుసార్లు రెండేసి బకెట్లు, మూడో ఏడు పది రోజులకోసారి మూడు బకెట్లు. మేము 20 లీటర్ల పాత వాటర్ డబ్బాల అడుగున చిన్న చిల్లు పెట్టి పాదులో ఉంచుతున్నాం, చుక్కచుక్కగా దిగుతుంది. ఏసీ నీళ్లు పోయొచ్చు, ఆర్వో వేస్ట్ నీళ్లు రోజూ అవే వద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ. పాదులో ఎండుటాకులు పరవండి, ఊడ్చి తగలబెట్టకండి, తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. అందరిదీ అంటే ఎవరిదీ కాదు కాబట్టి ఏ మొక్క ఎదురుగా ఎవరి ఇల్లుందో ఆ ఇంటికే అప్పజెప్పండి, పిల్లల పేరు రాసి పెడితే ఇంకా బాగా చూస్తారు, మా దగ్గర రెండోసారి నాటినవి దాదాపు అన్నీ బతికాయంటే అందుకే.

సీసీ రోడ్డు వేసేటప్పుడు మాత్రం దగ్గరుండండి. కాంట్రాక్టర్ మనుషులు మొదలు దాకా సిమెంటు పోసేస్తారు, చుట్టూ కనీసం మూడడుగుల మట్టి వదలమని గట్టిగా చెప్పండి. ఇప్పటికే పోసేసి ఉంటే గునపంతో జాగ్రత్తగా పగలగొట్టి తీయొచ్చు, మేము ఒక పాత వేపకి అలా చేశాం, ఆ ఏడాదే కొత్త చిగురేసింది. వేప అంటే గుర్తొచ్చింది, ఈ మధ్య వానాకాలం చివర్లో వేప కొమ్మల చివర్లు కాలిపోయినట్టు ఎండుతున్నాయి కదా, అది ఫోమాప్సిస్ అనే ఫంగస్, దానికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు తోడవుతోంది. చచ్చిపోయిందనుకుని కొట్టేయకండి, చాలా చెట్లు ఎండాకాలానికి మళ్ళీ చిగురిస్తాయి. అసలు పెద్ద చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం పర్మిషన్ ఉండాలి.

మూడో ఎండాకాలం దాటి కాండం మొక్క చుట్టూ రక్షణకి పెట్టిన ఇనుప గార్డుకి దగ్గరగా వస్తోంటే కటింగ్ మెషీన్‌తో గార్డు కోసి తీసేయండి, లేట్ చేస్తే ఇనుము బెరడులోకి దిగిపోతుంది. తీసిన గార్డుని వెల్డింగ్ చేయించి పక్క వీధిలో కొత్త మొక్కకి పెట్టొచ్చు, మా మొదటి 11 మొక్కల్లో ఆరింటి గార్డులు ఇప్పుడు అక్కడే ఉన్నాయి.