యూరోపా యూనివర్సాలిస్ 4: మొదటి ఆటకు ఏ దేశం?

ఒక దేశాన్ని ఎంచుకుని నడిపించే కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్ ఇది. మా దిల్‌సుఖ్‌నగర్ ఫ్రెండ్స్‌లో ఈ గేమ్ కొన్న ప్రతివాడూ ముందు విజయనగరమే తీసుకుంటాడు. ఆ అభిమానం నాకూ ఉంది. కానీ 1444లో ఆట మొదలయ్యేసరికే ఉత్తరాన బహమనీలు కాచుకుని ఉంటారు. మెనూలే అర్థంకాని దశలో ఆ టెన్షన్ ఎందుకు?

నా మాట విని పోర్చుగల్‌తో మొదలుపెట్టండి. మ్యాప్‌లో సరిహద్దులు చూడండి: ఐరోపాలో నేల మీద దాని పొరుగు కాస్టీల్ (నేటి స్పెయిన్‌లోని అప్పటి రాజ్యం) ఒక్కటే. దానితో పొత్తు కుదిరితే ఆ వైపు భయం తగ్గుతుంది. ఇంగ్లండ్‌తో స్నేహం ఎలాగూ ఉంటుంది. చరిత్రలో అది 1386 నాటి విండ్సర్ ఒప్పందం. ఇక ఓడలు, వ్యాపారం, వలస రాజ్యాల ఏర్పాటు తీరిగ్గా నేర్చుకోవచ్చు.

యుద్ధాలే ఇష్టమైతే ఒట్టోమన్లు. సైన్యం బలమైనది, చుట్టూ చిన్న రాజ్యాలు.

ఎవరితో ఆడినా, యుద్ధం ప్రకటించే ముందు శత్రువుకు మిత్రులెవరో తప్పకుండా చూడండి.