ఊగే క్లచ్ పెడల్‌ను ఇంట్లోనే బాగుచేసుకున్నాను
నాన్నగారి పాత అంబాసిడర్‌లో క్లచ్ పెడల్ పక్కలకు ఊగేది, తొక్కితే కిర్రుమనేది. స్ప్రింగు, గ్రీజు, వాషర్లు అన్నీ ప్రయత్నించాను, ఏదీ నిలవలేదు.

చివరికి పెడల్ ఇరుసు బయటికి లాగి, కిరోసిన్‌తో కడిగి చూశాను. ఇరుసు చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టం, అంటే బుష్‌లోని గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగిపోయి ఉంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో లేతు (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద కంచు బుష్ చేయించాను. కీలకమంతా ఇక్కడే: వైస్‌లో (మర తిప్పి బిగించే పట్టులో) నొక్కి ఎక్కించగానే బుష్ లోపలి రంధ్రం కాస్త బిగుసుకుంటుంది. అందుకే ఎక్కించిన తరువాతే రీమర్ అనే గీకుడు పనిముట్టుతో రంధ్రాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేశాను. నూనె రాసిన ఇరుసు వేలితో తోస్తే జారాలి, కానీ ఊగకూడదు. ఆపైన గ్రీజు, ఊడిపోకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్, ఆఖరున ఫ్రీ ప్లే (క్లచ్ పనిచేయడం మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచేయడం.

నా బండిలో ఇరుసు అరగలేదు. మీది అరిగి ఉంటే బుష్ ఒక్కటే చాలకపోవచ్చు. బ్రేకు పెడల్ కూడా విప్పితే మాత్రం మెకానిక్‌కు చూపించకుండా రోడ్డెక్కకండి.